ఉల్కలు రాలే రాత్రి: ఆకాశ వీక్షణపై పాఠకుల ప్రశ్నలు

గత డిసెంబరు ఉల్కాపాతం తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నిరాశతో రాసినవే. ఆ నిరాశకు కారణం ఆకాశం కాదు, ఆకాశం గురించి మనకు అందుతున్న సమాచారం. అందుకే ఈసారి మొదటి ప్రశ్నకు ఎక్కువ చోటు కేటాయించాం.

ప్రశ్న: గంటకు 120 ఉల్కలు కనిపిస్తాయని చదివి, డిసెంబరు 13న రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా పిల్లలతో సహా మేడ మీద కూర్చున్నాం. మూడంటే మూడు కనిపించాయి. మిగిలిన 117 ఎటు పోయాయి?
- ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: మీ మేడ మీద నుంచి చూడగలిగినన్నీ మీరు చూశారు. 120 అనే సంఖ్య అబద్ధం కాదు గాని, అది మీ మేడకు కట్టిన లెక్క కాదు. ఉల్కలు ఏ చోటు నుంచి చిమ్ముతున్నట్టు కనిపిస్తాయో ఆ చోటు సరిగ్గా నడినెత్తిన ఉండి, మబ్బుగాని వెన్నెలగాని దీపాల వెలుగుగాని లేక, మామూలు కంటికి అందే అతి మసక చుక్కలు కూడా స్పష్టంగా కనిపిస్తూ ఉంటే, అప్పుడు ఒక మనిషి గంటలో లెక్కపెట్టగలిగే ఉల్కల సంఖ్య అది. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు ఆకాశాల కింద కూర్చుని లెక్కపెట్టిన వాళ్ళ ఫలితాలను పోల్చుకోవడానికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న కొలబద్ద. ఆ షరతులన్నీ వదిలేసి సంఖ్యను మాత్రం శీర్షికల్లో పెట్టడం వల్ల ఏటా ఎంతోమంది పిల్లలు ఉల్కాపాతం అంటే బాణసంచా అనుకుని మేడ ఎక్కి, చిన్నబుచ్చుకుని దిగుతున్నారు. ఇది చూస్తే బాధ కలుగుతుంది.

ఇప్పుడు మీ మేడకే లెక్క కడదాం. జెమినిడ్స్ అని పిలిచే ఈ మిథున రాశి ఉల్కలు, పునర్వసు జంట చుక్కల్లో ఒకటైన కాస్టర్ దగ్గర నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయి. ఆ తేదీన రాత్రి పది గంటలకు మీ ఊళ్ళో ఆ చోటు ఈశాన్యానికి కాస్త తూర్పుగా, దిగంతం నుంచి సుమారు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంత కిందుగా ఉన్నప్పుడు 120లో దాదాపు సగం, అంటే 60 మాత్రమే మన ఆకాశంలోకి వస్తాయి. ఊరి దీపాల వల్ల మసక చుక్కలు మాయమైన చోట, అంటే నాలుగో తరగతి ప్రకాశం గల చుక్కల దాకానే కంటికి ఆనుతున్న చోట, పదకొండు ఉల్కల్లో ఒకటి మాత్రమే కనిపిస్తుంది. 60 కాస్తా ఐదారుకు దిగింది. పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు, పక్కింటి మేడ కలిసి ఆకాశంలో సగాన్ని కప్పేస్తే ఇక మిగిలేది మూడు. మీ పిల్లలు సరిగ్గానే లెక్కపెట్టారు.

ఇదే ఉల్కాపాతాన్ని వెన్నెల లేని రాత్రి, ఊరికి దూరంగా చీకటి పొలంలో, రెండు గంటల ప్రాంతంలో చూస్తే పరిస్థితి పూర్తిగా వేరు. అప్పటికి కాస్టర్ 70 డిగ్రీలు దాటి దాదాపు నడినెత్తికి వస్తుంది. గంటకు యాభై అరవై ఉల్కలు చూడవచ్చు. అవి కూడా ఒక పద్ధతిగా నిమిషానికొకటి రావు. పది నిమిషాలు ఏమీ రాదు, ఆ తరువాత అర నిమిషంలో మూడు వస్తాయి. ఆ పది నిమిషాల్లోనే చాలామంది లేచి వెళ్ళిపోతారు.

ఇంకొక మాట. మ్యాట్నీకి ఆలస్యంగా వెళ్ళి హాల్లో అడుగుపెట్టినప్పుడు కుర్చీలు కూడా కనిపించవు. కాసేపటికి పక్కవారి ముఖం కూడా కనిపిస్తుంది. కంటికి చీకటి అలవాటు కావడం అంటే అదే. ఆకాశం విషయంలో దీనికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఈ లోగా ఒక్కసారి ఫోను తెరిచి సమయం చూసుకున్నా మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టవలసిందే. మీరు కూర్చున్న గంటలో ఫోను ఎన్నిసార్లు వెలిగిందో గుర్తు చేసుకోండి. టార్చి తప్పనిసరి అయితే అద్దానికి ఎర్ర కాగితం కట్టండి. ఎర్ర వెలుగు చీకటికి అలవాటుపడిన కంటిని అంతగా చెడగొట్టదు.

ప్రశ్న: ఆగస్టులో వచ్చే పెర్సీడ్స్ ఉల్కాపాతం అన్నిటికంటే గొప్పదని వీడియోల్లో చెబుతున్నారు. స్నేహితులతో కలిసి ఊరి బయటికి వెళ్ళి చూడాలనుకుంటున్నాను. మంచి సలహా ఇవ్వగలరు.
- ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఆ వీడియోలు చేసేవారిలో ఎక్కువ మంది అమెరికా, ఐరోపా ఆకాశాల కింద ఉన్నవారు. వాళ్ళకు ఆగస్టు వేసవి. రాత్రులు వెచ్చగా, నిర్మలంగా ఉంటాయి. మనకు అది నైరుతి రుతుపవనాల కాలం, చుక్క కనిపించడమే అపురూపం. పైగా పెర్సీడ్స్ వెలువడే చోటు ఉత్తర దిక్కుకు బాగా జరిగి ఉంటుంది. వరంగల్ నుంచి చూస్తే అది తెల్లవారేటప్పుడు కూడా 50 డిగ్రీల ఎత్తు దాటదు. స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్క వదిలిన ధూళి ఇది. ఆ తోకచుక్క సుమారు 133 ఏళ్ళకొకసారి సూర్యుని దగ్గరికి వస్తుంది, ఆఖరిసారి వచ్చింది 1992లో. 2026 ఆగస్టు 12న అమావాస్య కావడం వల్ల వెన్నెల అడ్డు ఉండదు. ఆ రాత్రి మబ్బు విడిస్తే తెల్లవారుజామున రెండు దాటాక తప్పక చూడండి, కాని ప్రయాణపు ఖర్చంతా దీని మీద పెట్టకండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన వాళ్ళు మాత్రం దీన్ని వదులుకోకూడదు.

మన తెలుగు నేలకు సరిపోయిన ఉల్కాపాతం డిసెంబరు 13, 14 తేదీలదే. వానలు వెనక్కి తగ్గి ఉంటాయి, ఉల్కలు వెలువడే చోటు నడినెత్తి దాకా వస్తుంది, అర్ధరాత్రి దాకా మేలుకోలేని వారికి కూడా పది గంటల నుంచే ఎంతోకొంత దక్కుతుంది. వీటి వేగం సెకనుకు సుమారు 35 కిలోమీటర్లు. పెర్సీడ్స్ 59 కిలోమీటర్లతో, నవంబరులో వచ్చే లియొనిడ్స్ 71 కిలోమీటర్లతో దూసుకుపోతాయి కనుక వాటితో పోలిస్తే ఇవి నిదానం. "అదిగో" అని చెయ్యి చూపేలోపు పక్కవారు కూడా తల తిప్పి చూడగలిగే ఉల్కలు ఇవే. ఉల్కాపాతాలు సాధారణంగా తోకచుక్కల ధూళి వల్ల ఏర్పడుతుండగా, దీనికి మూలం 1983లో కనుగొన్న ఫేథాన్ అనే గ్రహశకలం కావడం మరో విశేషం. అది ఏడాదిన్నర లోపే సూర్యుణ్ణి ఒకసారి చుట్టి వస్తూ, బుధగ్రహం కంటే కూడా సూర్యునికి దగ్గరగా వెళ్తుంది.

ప్రశ్న: ఆకాశంలో చుక్క రాలితే లోకంలో ఎవరో పోయినట్టని, చూడకూడదని మా అత్తగారు పిల్లలను లోపలికి పంపేస్తారు. ఆవిడ మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి?
- ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: రాలేది చుక్క కాదని పిల్లల చేతనే చూపించండి. తూర్పున పిల్లలకోడి, అంటే కృత్తికలు, బాగా పైకి వచ్చాక అందులోని చుక్కలను లెక్కపెట్టించండి. చాలామందికి ఆరు కనిపిస్తాయి. గొల్లకావడిలో, అంటే ఓరియన్ అనే వేటగాడి రాశి నడుములో, వరసగా ఉన్న మూడింటిని చూపించండి. ఉల్కలు రాలిన మర్నాటి రాత్రి మళ్ళీ లెక్కపెట్టమనండి. ఒక్కటి కూడా తగ్గదు. రాలినది ఇసుక రేణువంత, పెద్దదైతే శనగగింజంత ధూళి. భూమికి 100 కిలోమీటర్ల ఎత్తున, విపరీతమైన వేగంతో గాలిలోకి చొచ్చుకు వచ్చేటప్పుడు దాని ముందున్న గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది. ఆ వేడికి రేణువు ఆవిరై, చుట్టూ ఉన్న గాలితో సహా వెలుగుతుంది. కొన్ని ఉల్కలు పసుపుగా, కొన్ని ఆకుపచ్చగా కనిపించడానికి కారణం రేణువులోని సోడియం, మెగ్నీషియం వంటి లోహాలు, మన గాలిలోని ఆక్సిజన్.

మీ అత్తగారితో మాత్రం విజ్ఞానశాస్త్రం పేరిట వాదన పెట్టుకోకండి. ఆవిడకు వరాహమిహిరుని మాట చెప్పండి. 6వ శతాబ్దానికి చెందిన ఆ పండితుడు ఉల్కలను ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని ఐదు విధాలుగా విభజించాడు. స్వర్గంలో పుణ్యఫలం అనుభవించి తిరిగి కిందికి వచ్చే వారి రూపాలే ఉల్కలని చెప్పాడు. అంటే మన పెద్దల లెక్కలో కూడా అది పోయినవారి గుర్తు కాదు, తిరిగి వస్తున్నవారి గుర్తు. శాస్త్రం చెప్పే కారణం వేరైనా, ఆవిడ కూడా మీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడానికి ఈ ఒక్క మాట చాలు.

ప్రశ్న: 1986 మార్చిలో తెల్లవారుజామున హేలీ తోకచుక్కను చూశాను. తొమ్మిదేళ్ళ మనవరాలు "నాకెప్పుడు చూపిస్తావు తాతా" అంటోంది. 2061 దాకా నేను ఉండను. ఆ పిల్లకు ఏమి చెప్పను?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: మాస్టారూ, మే నెల 5, 6 తేదీల్లో తెల్లవారుజామున మూడు గంటలకు మీ మనవరాలిని నిద్రలేపండి. హేలీ సూర్యుణ్ణి చుట్టి వచ్చిన ప్రతిసారీ, అంటే సుమారు 76 ఏళ్ళకొకసారి, తన దారి పొడవునా ధూళిని వదులుతూ వెళ్ళింది. భూమి ఏటా రెండుసార్లు ఆ ధూళిలోంచి సాగిపోతుంది: మే మొదటి వారంలో ఒకసారి, అక్టోబరు 21 ప్రాంతంలో మరొకసారి. మే నెలలో రాలేవి కుంభ రాశి నుంచి, అక్టోబరులో రాలేవి ఓరియన్ రాశి పక్క నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయి. అక్టోబరులో మీ కోస్తాకు వానల బెడద ఉంటుంది. మే నెలే మేలు. పైగా ఈ ఉల్కాపాతం అమెరికా, ఐరోపాల కంటే మన వంటి దక్షిణపు అక్షాంశాల వారికే బాగా కనిపిస్తుంది.

శ్రీకాకుళంలో కుంభ రాశి రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో ఉదయిస్తుంది. నాలుగుంపావుకే తెల్లవారు వెలుగు మొదలవుతుంది కనుక మీకు దొరికే మంచి సమయం మూడు నుంచి నాలుగుంపావు వరకే. సముద్రపు ఒడ్డు దగ్గరైతే తూర్పు దిక్కు తెరిపిగా ఉంటుంది. ఆ సమయంలో పది ఉల్కలు కనిపించినా అదృష్టమే. ఇవి సెకనుకు 66 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. వెళ్ళిపోయిన తరువాత కూడా ఒక సన్నని చార క్షణం రెండు క్షణాలు నిలిచి ఉంటుంది. ఆ చారలో వెలిగింది మీరు 1986లో చూసిన తోకచుక్క ఒంటి నుంచి కొన్ని వందల ఏళ్ళ కిందట రాలిన రేణువు. "నేను చూసినదే, ఇదిగో నువ్వూ చూశావు" అని మీరు ఆ పిల్లకు నిజాయతీగా చెప్పవచ్చు. 2061 జూలైలో హేలీ తిరిగి వచ్చేనాటికి ఆమెకు 44 ఏళ్ళు ఉంటాయి.

ప్రశ్న: ఉల్కలు చూడటానికి ఏ టెలిస్కోపు కొనాలి?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఏదీ వద్దు. ఉల్క ఆకాశంలో ఎక్కడైనా రావచ్చు. టెలిస్కోపు చూపించేది గోరంత ఆకాశం. ఉల్కలకు నవారు మంచమో చాపో కావాలి. మిగతా ఆకాశం మీద ఆసక్తి ఉంటే 7x50 లేదా 10x50 రకం బైనాక్యులర్స్ కొనుక్కోండి. మోచేతులు పిట్టగోడకు ఆనించి చూస్తే గురుగ్రహం పక్కన చుక్కల్లా నిలిచిన నాలుగు చందమామలు, గొల్లకావడి కింద పొగలా అలుముకున్న నీహారిక, శీతకాలపు తొలి రాత్రుల్లో 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ కనిపిస్తాయి. హైదరాబాదు నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగం చేస్తుండగా ఆ వాతావరణంలో పెరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వైను బప్పు, విద్యార్థిగా ఉన్నప్పుడే వెలుగు మారే చుక్కలను ఓపికగా గమనించి వివరాలు ప్రచురించాడు. 1949లో తన పేరు మోసే తోకచుక్కను కనుగొన్నది ఆ తరువాతే. ముందుగా కావలసింది ఆ అలవాటు.

ప్రశ్న: సాయంత్రం చీకటి పడ్డాక ఒకే వరసలో, దారానికి గుచ్చిన పూసల్లా ఇరవై దాకా దీపాలు కదిలి వెళ్ళాయి. ఊరంతా భయపడ్డారు. అవి ఉల్కలేనా?
- ఒక రైతు, కరీంనగర్ జిల్లా

జవాబు: కావు. మీ వర్ణనను బట్టి అవి కొత్తగా ప్రయోగించిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు. ఒకే రాకెట్లో గుంపుగా వెళ్ళి, మొదటి కొద్ది రోజులు వరసగా తిరుగుతాయి. తరువాత విడివిడిగా మరింత ఎత్తుకు చేరుకుంటాయి. ఒంటరిగా, రెప్పలార్పకుండా, చాలా ప్రకాశంగా నాలుగైదు నిమిషాలు సాగిపోయేది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కావచ్చు. అది భూమి నీడలోకి వెళ్ళగానే నడి ఆకాశంలో ఉన్నట్టుండి ఆరిపోతుంది.

ఉల్క బతుకు ఒక సెకను, మహా అయితే రెండు సెకన్లు. పగిలిన ముక్కలతో, నిప్పులు కక్కుతూ, అర నిమిషం పైగా నెమ్మదిగా దాటితే అది చాలావరకు భూమికి తిరిగి పడుతున్న రాకెట్ శకలం. 2022 ఏప్రిల్ 2న మహారాష్ట్రలో జనం చూసినది అటువంటిదే. చైనా రాకెట్‌కు చెందిన ఒక లోహపు వలయం మన ఆసిఫాబాదు సరిహద్దుకు అవతల ఉన్న చంద్రపూర్ జిల్లాలో పడింది. అటువంటి వస్తువు మీ పొలంలో పడితే తాకవద్దు, పోలీసులకు తెలియజేయండి. ఉల్కాపాతంలో రాలే రేణువులు మాత్రం నేలకు చేరవు, వాటి గురించి భయం అక్కరలేదు.

ప్రశ్న: ఫోనుతో ఉల్కను ఫోటో తీయవచ్చా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఫోనును స్టాండు మీద బిగించి, నైట్ మోడ్‌లో 10 నుంచి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి, వరసగా తీస్తూ పోవాలి. వంద ఫోటోల్లో ఒకదాంట్లో గీత పడవచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఈ పని పెట్టుకోకండి.

ప్రశ్న: హైదరాబాదు నుంచి ఒక్క రాత్రికి ఎక్కడికి వెళ్తే మంచి చీకటి దొరుకుతుంది? ఏ రోజు వెళ్ళాలో ఎలా తెలుసుకోవాలి? అర్ధరాత్రి తరువాత ఉల్కలు ఎందుకు పెరుగుతాయి?
- ఒక ఉద్యోగిని, హైదరాబాదు

జవాబు: వికారాబాదు దాటి అనంతగిరి కొండల వైపు వెళ్తే నగరపు వెలుగు చాలావరకు వెనకబడుతుంది, తూర్పు దిక్కున కొంత మిగులుతుంది. కడప జిల్లా గండికోట దూరమైనా ఆకాశం నాలుగు వైపులా తెరిపిగా ఉంటుంది. నల్లమల మంచి చీకటి ప్రాంతమే గాని, పులుల అభయారణ్యం మీదుగా శ్రీశైలం వెళ్ళే దారి రాత్రిళ్ళు మూసివేస్తారు. రోడ్డు పక్కన బండి ఆపుకుని చూద్దామనే ఆలోచన పెట్టుకోకండి.

వీటన్నిటికంటే మంచి చోటు, మీకుంటే, మీ సొంత ఊరు. డిసెంబరులో వరి కోతలయ్యాక కళ్ళంలో కుప్పలకు కాపలా పడుకునే రైతులు చూసినన్ని ఉల్కలు మనలో ఎవరూ చూసి ఉండరు. నాలుగు వైపులా కోసిన మళ్ళు, కనుచూపు మేరలో ఒక్క దీపం లేదు. అర్ధరాత్రికి దుప్పటి పైభాగం మంచుకు తడిసి బరువెక్కుతుంది. ఆ దుప్పటి గడ్డం దాకా లాక్కుని వెల్లకిలా పడుకుంటే కంటికి ఆకాశం తప్ప మరేదీ అడ్డు రాదు. అటువంటి చోట ఏ ఒక్క రాశి వైపో గుచ్చి చూడకండి. చూపును మొత్తం ఆకాశం మీద వదిలెయ్యండి. బంధువులతో, ఆ ఊరి వాళ్ళకు ముందే చెప్పి వెళ్ళండి. నేల మీద కాక మంచం మీద పడుకోండి, పాముల భయం ఉండదు. ఆ చుట్టుపక్కల గడ్డి తగలబెడుతున్న రోజు అయితే పొగ వల్ల ప్రయాణం వృథా అవుతుంది, ముందే కనుక్కోండి.

రోజు తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న పంచాంగం చాలు. ఉల్కాపాతం తేదీలు ఏటా దాదాపు అవే; మారేది చంద్రుడు. ఆ రోజు తిథి చూడండి. శుద్ధ అష్టమి అయితే చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు, కనుక ఆ తరువాత చూడాలి. బహుళ అష్టమి అయితే అర్ధరాత్రికి ఉదయిస్తాడు, కనుక అంతకు ముందే చూడాలి. పౌర్ణమికి అటూ ఇటూ నాలుగు రోజులు ప్రయాణం పెట్టుకోవద్దు. అర్ధరాత్రి తరువాత ఉల్కలు ఎందుకు పెరుగుతాయని కూడా మీరు అడిగారు. వానలో వెళ్ళే బస్సుకు వెనక అద్దం కంటే ముందు అద్దానికే చినుకులు ఎక్కువ తగులుతాయి కదా. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుని చుట్టూ సాగుతుంటే, అర్ధరాత్రి దాటాక మనం ఉన్న వైపు ఆ ముందు అద్దం వైపుకు తిరుగుతుంది.

2026 డిసెంబరు 13, 14 తేదీలు మార్గశిర శుద్ధ పక్షపు తొలి రోజుల్లో వస్తున్నాయి. నెలవంక రాత్రి పదకొండు లోపే అస్తమిస్తుంది, అక్కడి నుంచి తెల్లవారేదాకా చీకటి మీదే. 13 ఆదివారం, వీలైతే సోమవారం సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోండి.